చేతిచుట్టలో కొండల ప్రయాణం: చైనా ప్రకృతి చిత్రాన్ని నడుస్తూ చూసే పద్ధతి

జోంగ్ బింగ్ (375–443) అనే చైనా చిత్రకారుడు ప్రభుత్వం పిలిచి ఇస్తానన్న కొలువులను కాదని, ఓపిక ఉన్నన్నాళ్లూ కొండల వెంట తిరిగాడు. వయసు మీద పడి, జబ్బు చేసి, జియాంగ్‌లింగ్‌లోని ఇంటికి తిరిగి వచ్చాక, పేరున్న పర్వతాలన్నింటినీ ఇక చూడలేనేమోనని బెంగపడి, అంతవరకు తాను తిరిగిన చోట్లన్నింటినీ గది గోడల మీద చిత్రించుకున్నాడు. మనసును తేటపరచుకుని, పడుకున్నచోటి నుంచే వాటిలో విహరిస్తానని చెప్పాడు. చిన్ అనే తంత్రీ వాద్యాన్ని మీటి ఆ కొండలన్నీ మారుమోగేలా చేస్తానని కూడా అన్నాడు. ‘వో యూ’, అంటే పడుకుని చేసే విహారం, అప్పటి నుంచి చైనా ప్రకృతి చిత్రకళలో స్థిరపడిపోయిన భావన.

ఉత్తర సోంగ్ రాజవంశపు చక్రవర్తుల ఆస్థాన చిత్రకారుడు గువో షీ 11వ శతాబ్దంలో దీనికి మరింత లౌకికమైన కారణం చూపించాడు. తల్లిదండ్రుల పట్ల, రాజు పట్ల బాధ్యతలున్న మనిషి అన్నీ వదిలేసి అడవుల్లోకి వెళ్లిపోలేడు. అయినా వాగుల మీద, కొండల మీద అతని మనసు లాగుతూనే ఉంటుంది. అలాంటివాడికి గది గడప దాటకుండానే కోతుల అరుపులు, పక్షుల కూతలు చెవిన పడేలా చేసేదే మంచి చిత్రమన్నాడు. కొడుకు గువో సి గ్రంథస్థం చేసిన ఆయన మాటల ప్రకారం, చిత్రంలోని ప్రకృతి నాలుగు రకాలు: దారిన నడిచి పోదగినది, నిలబడి చూడదగినది, తీరిగ్గా తిరుగాడదగినది, కాపురం ఉండదగినది. చివరి రెండూ మొదటి రెండింటికన్నా మేలైనవి. చిత్రకారుడు ఆ ఉద్దేశంతోనే గీయాలి, చూసేవాడు ఆ ఉద్దేశంతోనే చూడాలి. చూసేవాడి మీద గువో షీ పెట్టిన ఆ బాధ్యతను ఆచరణలో ఎలా నెరవేర్చాలన్నదే ఈ మార్గదర్శి విషయం.

అన్నింటికన్నా ముందు పాటించవలసిన నియమం ఒకటుంది. చేతిచుట్ట, అంటే చేతులతో విప్పుకుంటూ చూసే పొడవాటి అడ్డ చిత్రం, మొత్తాన్ని ఒకేసారి చూడకూడదు. మ్యూజియాల్లో అద్దాల పెట్టెలో చుట్టను చివరిదాకా పరిచి ఉంచుతారు. వెబ్‌సైట్లలో అది సన్నని పట్టీలాగా తెర మీద కనిపిస్తుంది. రెండింటిలోనూ కొండ మలుపు అవతల ఏముందో మలుపు దగ్గరకు చేరకముందే తెలిసిపోతుంది. ఈ చిత్రాలను గీసినవారు, తాము గీసినదాన్ని చూసేవారు భాగాలు భాగాలుగా విప్పుకుంటారన్న లెక్కతోనే గీశారు కాబట్టి, ముందున్నది దాగి ఉన్నంతవరకే అది ప్రయాణం.

మొదటి మెట్టు: చుట్టను ఎంచుకోవడం

చైనా ప్రకృతి చిత్రాలన్నీ ఒకే రూపంలో ఉండవు. గోడకు వేలాడదీసే నిలువు పటాలు కొన్ని. గువో షీ 1072లో గీసిన ‘తొలి వసంతం’ అలాంటిదే. ఆల్బమ్ పుటలు మరికొన్ని. ప్రయాణానికి అన్నింటికన్నా అనువైనది అడ్డంగా విప్పుకుని చూసే చేతిచుట్ట, ఎందుకంటే అందులో దూరంతోపాటు కాలం కూడా ఉంటుంది.

కొత్తవారు చాలామంది వాంగ్ షిమెంగ్ 1113లో పట్టు మీద గీసిన ‘వేయి లీల నదులు, పర్వతాలు’ (‘లీ’ చైనా దూరమానం, సుమారు అర కిలోమీటరు) చిత్రం వైపు ఆకర్షితులవుతారు. పద్దెనిమిదేళ్ల యువకుడు రాతి నుంచి తీసిన నీలి, ఆకుపచ్చ రంగులతో గీసిన ఆ చిత్రం పొడవు సుమారు 12 మీటర్లు. అది అద్భుతమైనదే, కానీ మొదటి ప్రయాణానికి పనికిరాదని నా అభిప్రాయం. అందులో చూడవలసినవి ఎంత ఎక్కువంటే, రంగుల మోజులో కన్ను పరుగెడుతుంది, కాలు కదలదు. మొదట సిరా చిత్రాన్నే తీసుకోవాలి. హువాంగ్ గోంగ్‌వాంగ్ (1269–1354) గీసిన ‘ఫూచున్ పర్వతాల్లో నివాసం’ అందుకు సరైనదని అనుకుంటాను. దీని ప్రధాన భాగం 33 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 637 సెంటీమీటర్ల పొడవు ఉండి, తైపేలోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మంటల్లో కాలి విడిపోయిన తొలి భాగం చైనాలోని జెజియాంగ్ రాష్ట్ర మ్యూజియంలో ఉంది. కాలిన కథను దాని స్థానంలో చెబుతాను.

రెండో మెట్టు: విప్పుకోవడానికి వీలుగా తయారుచేసుకోవడం

అసలు చుట్టలను చేత పట్టుకునే అవకాశం మనలో దాదాపు ఎవరికీ రాదు. కాగితం, పట్టు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి మ్యూజియాలు కూడా వాటిని అరుదుగానే బయటకు తీస్తాయి. అయితే పెద్ద మ్యూజియాలు స్పష్టమైన డిజిటల్ ప్రతులను అందుబాటులో ఉంచాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న పాత చైనా చిత్రాల ప్రతుల్లో చాలావాటిని ఉచితంగా దింపుకోనిస్తుంది. న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాల్లో ఉన్న తెలుగువారు అక్కడి చైనా చిత్రకళా మందిరాల్లో అసలు చుట్టలను కూడా చూడవచ్చు. ప్రదర్శనలో ఉంచే చిత్రాలను మారుస్తుంటారు కాబట్టి వెళ్లేముందు ఏవి ఉన్నాయో కనుక్కోవడం మంచిది.

ఇంట్లో చూసేందుకు రెండు మార్గాలున్నాయి. తెర మీద చూసేటట్లయితే, చిత్రం ఎత్తు తెర ఎత్తుకు సరిపోయేదాకా పెద్దది చేసి, కుడి అంచుకు జరిపి, అక్కడి నుంచి ఎడమకు కొద్దికొద్దిగా కదలాలి. మొత్తం చిత్రాన్ని చిన్నదిగా చూపించే పట్టీ తెర అడుగున కనిపిస్తే, దాన్ని కాగితం ముక్కతో కప్పేయండి.

రెండో మార్గం కష్టమైనదైనా, చేయదగినది అదే. చిత్రాన్ని సగం కొలతకు తగ్గించి ముద్రించుకుంటే, ఫూచున్ ప్రధాన భాగం 16.5 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 318 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. అడ్డంగా పెట్టిన ఎ4 కాగితాలు 12 సరిపోతాయి. కుడి నుంచి ఎడమకు వరుసగా పరిచి, అంచులు కత్తిరించి, వెనకవైపు పలచని కాగితం పట్టీలతో అతికించండి. ఎడమ చివర గుండ్రటి కర్రను, కుడి చివర సన్నని బద్దను అంటించి, గుండ్రటి కర్ర లోపలికి పోయేలా చుట్టండి. అసలు చుట్టల అమరిక కూడా ఇదే: ప్రయాణపు మొదలు పైపొరలో, చివర లోపలి పొరలో ఉంటాయి. అతికించేటప్పుడు చిత్రమంతా కనిపించిపోతుందన్న చింత ఉంటే, ఆ పని ఇంకెవరి చేతనైనా చేయించుకోండి.

మూడో మెట్టు: చేతుల పని

కిటికీ వెలుతురు పక్క నుంచి పడే బల్ల మీద చుట్టను ఉంచి, మీ ఎదురుగా రెండు చేతుల మధ్య పట్టేంత భాగాన్ని, అంటే ఓ అర మీటరు లేదా అంతకు కొంచెం ఎక్కువ, మాత్రమే విప్పండి. ఎడమ చేయి కొత్త భాగాన్ని విప్పుతుంది, కుడి చేయి చూసిన భాగాన్ని చుడుతుంది. పూర్వం చైనీయులు రాసింది కుడి నుంచి ఎడమకే కాబట్టి చిత్రం కూడా అటే సాగుతుంది. అసలు కొలతలో ఫూచున్ చుట్టను ఇలా చూస్తే సుమారు 12 మజిలీలు అవుతాయి. ఒక్కొక్క మజిలీ దగ్గర ఎంతసేపు ఆగాలన్నది మీ ఇష్టం. వెనక్కి వెళ్లాలనిపిస్తే కుడి చేత్తో విప్పి ఎడమ చేత్తో చుట్టండి. గోడ మీది చిత్రానికి లేని స్వేచ్ఛ ఇదే: ప్రతి చూపరి తన చిత్రపు చట్రాన్ని తానే కోసుకుంటాడు. చుట్టను ఒక వేలెడు ఎడమకు జరిపితే చెట్టు ముందుకు వచ్చి కొండ వెనక్కి పోతుంది, కొత్త చిత్రం ఏర్పడుతుంది.

ఒంటరిగా గానీ, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో గానీ చూడవలసిన రూపమిది. ఎక్కువమంది చేరితే చేతుల వేగం ఎవరికీ సరిపోదు.

నాలుగో మెట్టు: లోపలికి అడుగు పెట్టడం

మొదట మనిషిని వెతకండి. కర్ర పట్టుకుని వంతెన దాటేవాడో, పడవలో గాలం వేసి కూర్చున్నవాడో, గాడిద మీద పోయేవాడో ఉంటాడు. ఒక్కోసారి అతని ఎత్తు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. ఆ మనిషి ఎత్తే మీ కొలబద్ద. అతని పక్కనున్న చెట్టు అతనికి ఎన్ని రెట్లు, చెట్టు వెనకున్న బండ చెట్టుకు ఎన్ని రెట్లు అని అంచనా వేసుకుంటూ పోతే, వేలెడంత కాగితం మీద కొండ లేచి నిలబడుతుంది. మూడు అంగుళాల నిలువు గీత వేల అడుగుల ఎత్తును, కొన్ని అడుగుల సిరా వంద లీల దూరాన్ని పట్టుకోగలదని జోంగ్ బింగ్ అన్నది ఈ లెక్కతోనే.

మనిషి దొరికాక, అతను నిలబడ్డ నేలను పట్టుకోండి. అతను ఎటు చూస్తున్నాడో మీరూ అటు చూడండి. అతని వెనక దారి ఎక్కడి నుంచి వచ్చిందో, ముందు ఎటు పోతుందో గమనించండి. మనుషులు లేని చోట్ల ఇంటి కప్పు, రేవు, మెట్లు, కట్టేసిన పడవ మనిషి జాడను చెబుతాయి.

ఐదో మెట్టు: మూడు దూరాలను గుర్తించడం

ఒకే చోట నిలబడి ఒకే దిక్కుకు చూసే కన్ను కోసం ఈ చిత్రాలు గీయలేదు. అందుకే చూపు ఒక బిందువు దగ్గర కలిసే పద్ధతిని ఇందులో వెతికితే నిరాశే మిగులుతుంది. ఇళ్ల చూరులను కింది నుంచి చూసినట్లు గీసినందుకు లీ చెంగ్ అనే గొప్ప చిత్రకారుడినే 11వ శతాబ్దపు పండితుడు షెన్ కువో తప్పుబట్టాడు. కింద నిలబడి చూస్తే ఒక కొండ వెనక ఇంకో కొండ కనిపించదు, లోయల్లో జరిగేది తెలియదు అని అతని వాదన.

గువో షీ చూపును మూడు రకాలుగా విభజించాడు. కొండ అడుగున నిలబడి శిఖరం వైపు తల ఎత్తి చూడడం ఎత్తైన దూరం. కొండ ముందు నిలబడి దాని వెనక ఉన్నవాటిలోకి తొంగి చూడడం లోతైన దూరం. దగ్గరి కొండ మీది నుంచి దూరపు కొండల వైపు చూపు సాగదీయడం సమతలపు దూరం. చేతిచుట్టలో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోతుంటాయి. ప్రతి మజిలీలోనూ, నేను ఇప్పుడు కింద ఉన్నానా, పైన ఉన్నానా, ఒడ్డున ఉన్నానా అని అడిగి చూసుకోండి. జవాబు మారిన ప్రతిసారీ, చిత్రకారుడు మిమ్మల్ని ఎక్కించాడో దించాడో, రెండింటిలో ఒకటి జరిగినట్లే.

ఆరో మెట్టు: ఫూచున్ నది వెంట నడక

ఇప్పుడు చుట్ట విప్పండి. ఫూచున్ నది హాంగ్‌జౌ నగరానికి నైరుతి దిక్కున, జెజియాంగ్‌లో ప్రవహిస్తుంది. తూర్పు హాన్ రాజవంశ కాలంలో యెన్ జిలింగ్ అనేవాడు, స్వయంగా చక్రవర్తి అయిన స్నేహితుడు పదవి ఇస్తానన్నా వద్దని, ఈ నది ఒడ్డున చేపలు పట్టుకుంటూ గడిపాడని ప్రతీతి. ఈ సంగతి తెలిసినవారికి, చుట్టలో గాలం పట్టుకున్న ప్రతి మనిషీ జాలరి మాత్రమే అనిపించడు.

మొదటి మజిలీల్లో కొండలు దగ్గరగా, ఒత్తుగా, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కినట్లు ఉంటాయి. వాటి పాదాల దగ్గర చెట్ల నడుమ ఇళ్ల కప్పులు కనిపిస్తాయి. ఇక్కడ త్వరపడకండి. ప్రతి ఇంటికీ దారి ఉందేమో వెతకండి. కొండ వంపులో మాయమైన దారి మరో చోట తేలుతుంది. కొంత దూరం పోయాక కొండలు వెనక్కి తగ్గి నీరు విచ్చుకుంటుంది, ఇసుక మేటలు ఒడ్డుకు సమాంతరంగా సాగుతాయి, నీటి మీద పడవలు కనిపిస్తాయి. పైన్ చెట్లు ముందు వరుసకు వస్తాయి. నీటి ఒడ్డున గడ్డి కప్పు వేసిన మంటపంలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. అతని దగ్గర మీరూ ఆగండి, ఎందుకంటే నా దృష్టిలో ఈ చుట్ట మొత్తంలో కూర్చోవడానికి అంతకు మించిన చోటు లేదు. ముందున్న నీటిని చూస్తే నది వెడల్పు మీకు తెలిసివస్తుంది.

చివరి భాగంలో, అంతవరకు గుండ్రంగా ఉన్న కొండలకు భిన్నంగా ఒక శిఖరం నిట్టనిలువుగా లేస్తుంది. దాని తర్వాత సిరా పలచబడి, దూరపు కొండలు కేవలం తడి మరకల్లా మిగిలి, నీటిలో కలుస్తాయి.

హువాంగ్ ఈ చిత్రాన్ని ఎనభయ్యో ఏటి ఇటూఅటుగా గీశాడు. 1350లో చివర రాసిన మాటల్లో, 1347లో వూయోంగ్ అనే తావో మత సన్యాసి మిత్రుడితో కొండల్లోని ఇంటికి తిరిగి వచ్చాక దీన్ని మొదలుపెట్టాననీ, మనసు పుట్టినప్పుడల్లా కొంత కొంత చేర్చాననీ, తాను తిరుగుతూ ఉండడం వల్ల మూడు నాలుగేళ్లయినా పూర్తి కాలేదనీ చెప్పాడు. ఎవరైనా మోసంతోనో బలవంతంగానో దీన్ని తీసుకుపోతారేమోనని భయపడ్డ మిత్రుడు, ముందుగానే తన పేరు రాయించుకున్నాడట. గీసినవాడికే అన్నేళ్లు పట్టిన దారి ఇది. మనం ఒక్క పూటలో ముగించాలన్న పట్టుదల అనవసరం.

ఏడో మెట్టు: కుంచె గీతతో నేలను తాకడం

రెండోసారి నడిచేటప్పుడు గీతలను చూడండి. కొండ ఒంటి మీది గీతల తీరును బట్టి కాలి కింది నేల ఎలాంటిదో తెలుస్తుంది. హువాంగ్ గీతలు పొడవుగా, మెత్తగా, నార పోగులు విప్పి పరిచినట్లుంటాయి. చైనీయులు వాటిని పిలిచేది కూడా నారపోగు గీతలనే. అది వానలకు తడిసి గుండ్రబడ్డ దక్షిణాది మట్టి కొండల నేల. దీనికి పూర్తి విరుద్ధంగా, దక్షిణ సోంగ్ చిత్రకారుడు షియా గుయి కుంచెను పక్కకు వాల్చి ఒక్క ఊపులో లాగిన గీతలను గొడ్డలివేటు గీతలంటారు. దాదాపు 9 మీటర్ల పొడవైన ఆయన చుట్ట ‘కొండలు, వాగుల నిర్మల దూర దృశ్యం’లో బండలు పగిలిన అంచులతో, గట్టిగా ఉంటాయి. ఒకచోట అరికాలు దిగబడుతుంది, మరోచోట జారుతుంది.

ఋతువును కూడా పట్టుకోండి. వసంతంలో కొండలు నవ్వుతున్నట్లు, వేసవిలో పచ్చదనం కారుతున్నట్లు, శరత్తులో అలంకరించుకున్నట్లు తేటగా, శీతకాలంలో నిద్రపోతున్నట్లు ఉంటాయని గువో షీ అన్నాడు. ఆకులు, పొగమంచు, నీటి ఎత్తు చూసి ఏ కాలమో తేల్చుకున్నాక, మీరు కట్టుకున్న బట్ట ఆ చలికి ఆగుతుందా, ఇప్పుడు పొద్దు ఎంతయింది, రాత్రికి ఏ ఇంటి తలుపు తట్టాలి అని ఆలోచించండి.

ఎనిమిదో మెట్టు: ఖాళీని దాటడం

గీత లేని కాగితాన్ని చూసి అక్కడేమీ లేదనుకోకండి. అది నీరు కావచ్చు, మేఘం కావచ్చు, పొగమంచు కావచ్చు. పక్కనున్నదాన్ని బట్టి తేల్చుకోవాలి: అడుగున పడవ ఉంటే నీరు, పైన శిఖరపు కొస, కింద చెట్ల తలలు ఉంటే మంచు. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న 12వ శతాబ్దపు చుట్ట ‘షియావో-షియాంగ్ స్వప్న విహారం’లో చాలా భాగం ఇలాంటి ఖాళీ, తేలికైన సిరానే. గీసినవాడి ఇంటిపేరు లీ, ఊరు షూచెంగ్ అని తప్ప మరే వివరమూ తెలియదు. ఏళ్ల తరబడి దేశాటన చేసినా షియావో, షియాంగ్ నదుల ప్రాంతాన్ని మాత్రం చూడలేకపోయిన ఒక బౌద్ధ సన్యాసి కోసం దీన్ని గీశాడు. ఇలాంటి చోట్ల కన్ను ఆగిపోతుంది, ఆగనివ్వండి. పడవ అవతలి ఒడ్డుకు చేరడానికి పట్టేంత సమయం కూర్చున్నాకే ఎడమ చేతిని కదపండి.

తొమ్మిదో మెట్టు: ముందు నడిచినవారిని కలవడం

చిత్రం అయిపోయాక చుట్ట అయిపోదు. తర్వాత అతికించిన కాగితాల మీద, తరాలుగా చూసినవారు రాసిన అభిప్రాయాలు, పద్యాలు ఉంటాయి. చిత్రం మీద, అంచుల్లో సొంతదారుల ఎర్ర ముద్రలుంటాయి. ముద్రలు తోటి యాత్రికుల ఆనవాళ్లు కాబట్టి వాటిని తిట్టుకోవద్దు. అయితే వాటిని మొదటి నడకలో పట్టించుకోకుండా, రెండో నడకలోనే చూడాలి.

ఫూచున్ చుట్ట విషయంలో ఈ చివరి భాగం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. 1650లో దాని అప్పటి యజమాని వూ హోంగ్‌యూ, చనిపోబోతూ, దాన్ని తన వెంట పంపమని మంటల్లో వేయించాడు. అతని సోదరుడి కొడుకు మరో చుట్టను మంటలోకి విసిరి దీన్ని బయటకు లాగాడు. అప్పటికే కాలి రెండయింది. తర్వాతి శతాబ్దంలో చియెన్‌లోంగ్ చక్రవర్తి ముందు ఒక నకలును సంపాదించి, అదే అసలైనదని నమ్మి, యాభైకి పైగా వ్యాఖ్యలు దాని మీదే రాశాడు. 1746లో అసలు చుట్ట చేతికి వచ్చినా అది నకలని తేల్చాడు. ఆ పొరపాటు వల్లే అసలు చుట్టలోని నీళ్లు, ఆకాశం ఆయన రాతలు పడకుండా ఖాళీగా మిగిలాయి. విడిపోయిన రెండు భాగాలను 2011లో తైపేలో ఒకేచోట ప్రదర్శించారు.

మీరు తయారుచేసుకున్న చుట్టకు కూడా ఎడమ చివర ఓ తెల్ల కాగితం అతికించి, ప్రతి ప్రయాణం తర్వాత తేదీ వేసి, ఎక్కడ ఆగారో, ఏ దారి దొరకలేదో రెండు మూడు వాక్యాలు రాసి ఉంచండి. తర్వాత ఆ చుట్టను చేతిలోకి తీసుకునేవారు వాటిని చదివి ఇంకో దారి పట్టవచ్చు.

తర్వాతి ప్రయాణాలు

ఫూచున్ నడక అలవాటయ్యాక జావో మెంగ్‌ఫూ గీసిన ‘చుయే, హువా పర్వతాల శరత్తు’ చూడండి. పొడవు సుమారు 90 సెంటీమీటర్లే. 1295లో ఉత్తరాదిన ఉద్యోగం ముగించుకుని వచ్చిన జావో, తన మిత్రుడు జౌ మీ కోసం దీన్ని గీశాడు. జౌ మీ పూర్వీకుల ఊరు ఆ కొండల దగ్గరే గానీ, దక్షిణాదిన పుట్టిన అతను ఎన్నడూ అక్కడికి వెళ్లలేదు. కుడివైపు కోసుగా ఉన్నది హువా, ఎడమవైపు గుండ్రంగా ఉన్నది చుయే. 1748లో ఆ కొండలున్న జీనాన్‌కు వచ్చిన చియెన్‌లోంగ్, కొండలనూ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఈ చుట్టను బీజింగ్ నుంచి ప్రత్యేకంగా తెప్పించుకున్నాడు. ఆ తర్వాత షియావో-షియాంగ్ చుట్ట, దాని తర్వాత షియా గుయి చుట్ట తీసుకోండి. వాంగ్ షిమెంగ్ వేయి లీలను చివరికి ఉంచి, రోజుకు రెండు మీటర్లకు మించకుండా, ఆగిన చోట కాగితపు ముక్క పెట్టుకుంటూ, ఆరు రోజుల్లో పూర్తిచేయండి.